సొసైటీ కారు సైలెన్సర్ గురించి దాతలకు నాలుగు మాటలు



మన సొసైటీ పాత అంబాసిడర్ కారు పెదకూరపాడు నుంచి సత్తెనపల్లికి, గుంటూరు పెద్దాసుపత్రికి రోగులను చేరవేస్తున్న సంగతి దాతలందరికీ తెలిసిందే. ఉత్తర్‌పారా కర్మాగారంలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. కొత్తది కొందామన్నా దొరకదు, ఉన్నదాన్నే కాపాడుకోవాలి. మీరిచ్చిన సొమ్ము మా దగ్గర అమానత్. అందుకే ఖర్చుల పట్టికలో మాటిమాటికీ కనబడే ‘సైలెన్సర్’ అనే పద్దు ఎందుకు వస్తున్నదో, దాన్ని ఎలా తగ్గించవచ్చో చెప్పాలనుకున్నాం. మీలో చాలామంది ఇళ్ళల్లో పాత బుల్లెట్లు, జీపులు ఉన్నాయి కనుక ఈ సంగతులు వాటికీ పనికొస్తాయి.

పవిత్ర ఖురాన్‌లో 57వ సూరా పేరు అల్ హదీద్, అంటే ఇనుము. ఇనుము బలం ఎవరికైనా తెలుసు. నీరు, గాలి రెండూ కలిసి తగిలితే మాత్రం అది నిలవదు. సైలెన్సర్‌కు ఆ నీరు వానవల్ల, బురదవల్ల అందుతుందని అనుకుంటాం. అది సగం నిజమే. మిగతా సగం ఇంజనులోనే పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ కాలితే నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. ఈ మాట తరగతిలో చెబితే పిల్లలు నవ్వుతారు. చలికాలం పొద్దున్నే కారు స్టార్టు చేసి గొట్టం కొసన కారే బొట్లు చూపిస్తే నమ్ముతారు.

కారు దూరం నడిస్తే గొట్టమంతా బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. బ్యాటరీ దిగిపోతుందని వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపేస్తే ఏమవుతుంది? ఇంజను దగ్గర వేడెక్కుతుంది కానీ వెనకనున్న బాక్సు చల్లగానే ఉంటుంది. ఆవిరి అక్కడ నీరై నిలుస్తుంది. పెట్రోలులోని గంధకం, గాలిలోని నత్రజని కాలి ఏర్పడిన వాయువులు ఆ నీటిలో కరిగి ఆమ్లమవుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్ళలో పదికి మించకూడదు కనుక ఆ బాధ కొంత తగ్గింది. నీటి బాధ తగ్గలేదు. పైకి నిగనిగలాడే సైలెన్సర్ లోపలినుంచి తినేసి, ఒకనాడు అడుగు ఊడి పడేది అందుకే. కారు కదలకుండా ఊరికే స్టార్టు చేసి ఆపడం కన్నా, వారానికి ఒకసారి అరగంట రోడ్డు మీద నడపడం మేలు. అమరావతి దాకా వెళ్ళి వచ్చినా చాలు. బాక్సు అడుగున నీరు కారేందుకు చిన్న రంధ్రం ఉంటే దాన్ని పూడ్చకూడదు, మట్టి పట్టకుండా చూసుకోవాలి.

బయటి సంగతి చెప్పాలంటే మన ప్రాంతపు నల్లరేగడే పెద్ద శత్రువు. అడుగున అంటుకుని రోజుల తరబడి తడి వదలదు. వాన రోజుల్లో కింద నీళ్ళు కొట్టి కడిగి, తరువాత కాస్త దూరం నడిపి ఆరనివ్వాలి. మామూలు రంగు ఈ వేడికి మాడి రాలిపోతుంది. వేడికి తట్టుకునే అల్యూమినియం రంగు దొరుకుతుంది. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, థిన్నరుతో తుడిచి, పలచగా రెండు పూతలు వేయాలి. కొందరు వాడేసిన ఇంజను ఆయిలు పూస్తారు. అది పొగ తెస్తుంది, మంట భయమూ ఉంది. మేము వద్దంటాం.

బుల్లెట్ గొట్టం మీద పసుపు, ఊదా, నీలం రంగులు తేలడం తుప్పు కాదు. అతివేడికి లోహం మీద ఏర్పడిన పలచని ఆక్సైడు పొర మీద వెలుగు ఆడే ఆట అది. వాన నీటిలో పెట్రోలు తెట్టు మీద కనబడే రంగుల్లాంటిదే. కార్బొరేటర్‌లో గాలి ఎక్కువై పెట్రోలు తగ్గినా, ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా అలా జరుగుతుంది. ముందు మెకానిక్‌కు చూపించి, ఆ తరువాతే పాలిష్ పెట్టాలి. క్రోమియం పూత ఒక మైక్రాను కన్నా పలచన. గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. చిన్న తుప్పు మచ్చలకు బిర్యానీ పొట్లంతో వచ్చే అల్యూమినియం రేకు తడిపి రుద్దితే చాలు. అది క్రోమియం కన్నా మెత్తన కనుక గీతలు పడవు. జిడ్డు చేతుల ముద్రలు మాత్రం ఇంజను వేడెక్కకముందే తుడవాలి, తరువాత అవి మాడి అక్కడే ఉండిపోతాయి.

ఇంత చెప్పడానికి అసలు కారణం ఖర్చు ఒక్కటే కాదు. గొట్టానికి చిల్లి పడితే కార్బన్ మోనాక్సైడు కారు లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వెనక సీటులో పడుకున్న రోగి తలనొప్పి అంటే జబ్బువల్ల అనుకుంటాం. అందుకని నెలకోసారి డ్రైవరు ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, మరొకరు మడతపెట్టిన తడిగుడ్డను గొట్టం కొసకు కొన్ని క్షణాలు అడ్డం పెట్టాలి. అతుకుల దగ్గర బుస్సుమని శబ్దం వస్తే ఆ రోజు రోగిని ఎక్కించకుండా వెల్డింగు షెడ్డుకు పంపాలి. ఈసారి వెనక బాక్సు మార్చవలసి వస్తే మామూలు రేకుది కాకుండా స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించాలని మా అభిప్రాయం. ధర ఎక్కువే, కాని చాలా ఏళ్ళు మళ్ళీ ఆ పద్దు రాయవలసిన పని ఉండదు.