కథలలోని పేర్లు: వాని పుట్టుక, వాని పని

పుట్టిన బిడ్డను ఇరువదియొకటవ నాడు తొట్టెలలో వేసి పేరు పెట్టుట మన యిండ్లలో పెక్కింట ఆచారము. ఆ నాటికి ఆ బిడ్డ ధీరుడగునో పిరికివాడగునో ఎవరికిని తెలియదు. తల్లిదండ్రులు తమ మ్రొక్కునో కోరికనో పేరుగా పెట్టి, తక్కినది దైవమునకు విడుతురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో ఏ వాడకు పోయినను రాజేశం, రాజవ్వ, నర్సయ్య, అంజయ్య అను పేర్లు వినవచ్చును. వేములవాడ రాజన్న, ధర్మపురి నరసింహస్వామి, కొండగట్టు అంజన్న ఆ పేర్ల వెనుక నిలిచి యున్నారు. పేరు విన్నంతనే ఆ మనిషి గుణము మనకు తెలియదు; అతని యింటివారు ఏ దేవుని కొలుతురో మాత్రము తెలియును.

కథలో పుట్టిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డ బ్రతుకంతయు కథకునికి ముందే తెలియును. కావున అతడు పెట్టు పేరు కోరిక కాదు, సూచన. అద్భుత కథలలో ఈ సూచన మరింత అవసరము. అందలి దేశములను, మాంత్రికులను, రాక్షసులను శ్రోత ఎన్నడును చూచి యెరుగడు. ఎవరిని నమ్మవలెనో, ఎవరికి వెరవవలెనో అతనికి మొదట తెలుపునది పేరే. ఆ పేర్లు ఎక్కడనుండి వచ్చునో, కథలో అవి ఏ పని చేయునో, ఈ సీమకు సంబంధించిన కథలనే ఆధారముగా గొని ఇచ్చట వివరింప తలచితిమి.

అర్థము తెలియని పేరును జనులు సహింపరు. దానికొక కథ కల్పింతురు. జగిత్యాలలో నక్షత్రాకారమున కట్టిన కోట కలదు. దానిని 1747లో ఇబ్రహీం ధంసా కాలమున జాక్, తాల్ అను ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు నిర్మించిరనియు, వారి పేర్లు కలిసి ఊరి పేరైనదనియు స్థానికులు చెప్పుకొందురు. అది చరిత్రయా, ఊహయా అను విచారము అటుంచుదము. పేరునుండి కథ పుట్టుట ఇందు కనిపించుచున్నది. అద్భుత కథలు అల్లువారిది దీనికి ఎదురు నడక. వారు కథను ముందు తలచి, దానికి తగిన పేరును వెదకుదురు.

సిరిసిల్ల నేతగాండ్ర ఊరు. నేడు అచ్చట మరమగ్గముల చప్పుడే అధికమైనను, పద్మశాలుల పురాణమును ఎరిగిన పెద్దలు ఇంకను ఉన్నారు. మార్కండేయుని కుమారుడు భావనారుషి తామరతూడులనుండి నూలు తీసి దేవతలకు వస్త్రములు నేసెనని ఆ పురాణము చెప్పును. అతని భార్య భద్రావతి, సూర్యుని కుమార్తె. అతని వాహనము పులి. ఇందలి పేర్లను విడదీసి చూడుడు. భావన యనగా తలపు, ఊహ. బట్ట మగ్గముపైకి రాకమునుపే నేతగాని తలపులో అంచు, రంగు, పోగుల లెక్క అన్నియు సిద్ధమై యుండవలెను. అట్టి పనికి మూలపురుషుడైన ఋషికి భావన యను పేరుకంటె తగినది వేరొకటి కలదా? తామరనుండి నూలు తీసినందున ఆ కులమునకు పద్మము పేరైనది. ఈ కథను చిత్రించిన పొడవైన పటమును విప్పుచు, బొమ్మ వెంట బొమ్మ చూపుచు పాడువారు కూనపులివారు. అట్టి పటములు వ్రాయుటలో చేర్యాల నకాషీ చిత్రకారులు ప్రసిద్ధులు.

ఇట్లు పేరు తిన్నగా గుణమును చెప్పుట మొదటి మార్గము. పేరు ఒకటి చెప్పగా కథ దానికి విరుద్ధముగా నడచుట రెండవ మార్గము. దీనికి వేయి సంవత్సరముల నాటి యుదాహరణము సిరిసిల్ల పొరుగుననే కలదు. వేములవాడ చాళుక్యుల కాలమున సోమదేవసూరి యను జైనాచార్యుడు సంస్కృతమున యశస్తిలక మను చంపూకావ్యమును వ్రాసి 959లో ముగించెను. 966 నాటి పర్భణి తామ్రశాసనము అతనికిని, వేములవాడలోని జైనాలయమునకును గల సంబంధమును తెలుపుచున్నది.

ఆ కథ అద్భుతములకు నిధి. మారిదత్తుడను రాజు ఒక మాంత్రికుని మాట నమ్మి, మహిమ గల ఖడ్గమును పొందగోరి, చండమారి యను దేవతకు ప్రాణులను జంటలుగా బలి యీయ సిద్ధపడును. మారిదత్తుడనగా మారి యిచ్చినవాడు. తన పేరే తన్ను ఆ గుడివాకిటికి లాగుచున్నదా యనునట్లుండును. బలికై రాజభటులు ఇద్దరు చిన్న వయసు తాపసులను పట్టి తెత్తురు. వారు కవలలు, అభయరుచి, అభయమతి. ఎత్తిన కత్తి ముందు నిలిచినవారి పేర్లలో అభయ శబ్దమును నిలుపుటలోనే కథ ఫలితము దాగి యున్నది. ఆ పిల్లలు వెరవరు. అభయరుచి తన పూర్వజన్మముల కథ చెప్పును. రాజు కత్తి దింపును. తుదకు హింసను విడుచును.

ఆ పూర్వజన్మపు కథలో అభయరుచి ఉజ్జయినిని ఏలిన యశోధర మహారాజు. అతని రాణి పేరు అమృతమతి. పేరు వినగానే శ్రోత మనస్సున చల్లదనము కలుగును. కాని ఆమె పరపురుషుని వలచి, భర్తకును అత్తకును విషము పెట్టును. విషము పెట్టు చేతికి అమృతము పేరు పెట్టుట కవి యెరుగక చేసిన పని కాదు. ఆ పేరులోని తీపిని నమ్మిన శ్రోత, ఆ రాజుతోపాటు తానును మోసపోవును. అమృతమనగా ఏమో తెలియనివానికి ఆ దెబ్బ తగులదు. వానికి ఆమె కేవలము ఒక దుష్ట రాణి.

మూడవ మార్గము, పాత కథలోని పేరును తెచ్చి క్రొత్త కథకు పెట్టుట. 2015లోను 2017లోను వచ్చిన బాహుబలి చిత్రములను చూడని తెలుగు కుటుంబము అరుదు. ఆ పేరు గల మహాపురుషుని కథను వేములవాడ ఆస్థానకవి పంపడు 941లో కన్నడమున రచించిన ఆదిపురాణమున చెప్పెను. పంపనికి ముందే జినసేనాచార్యుడు సంస్కృతమున ఆ కథను చెప్పి యుండెను. బాహువులయందు బలము గలవాడు బాహుబలి. రాజ్యమునకై అన్నయగు భరతునితో ద్వంద్వయుద్ధము చేసి గెలుచును. గెలిచిన క్షణముననే విరక్తుడై, ఆ రాజ్యమును అన్నకే విడిచి తపస్సునకు పోవును. చేతి బలమునకు పేరుపడినవాడు ఆ చేతిని దింపుటచేతనే గొప్పవాడైనాడు. చిత్రము చెప్పిన కథ వేరు, అందలి లోకము వేరు. అయినను సింహాసనమునకై అన్నదమ్ముల పోరు అను చోట ఆ పేరు వినబడునప్పుడు, పాత కథ తెలిసినవానికి రెండు కథలు ఒక్కసారిగా వినబడును.

మన అద్భుత చిత్రములలో హాస్యమునకై పెట్టిన పేర్లును కలవు. 1951 నాటి పాతాళభైరవిలో కథానాయకుడు తోటరాముడు. తోటపని చేయు ఇంటి బిడ్డ. ఆ పేరులో రాజసము లేదు కనుకనే అతడు రాకుమారిని వరించుట వింత యగుచున్నది. ప్రతినాయకుడు కేవలము నేపాళ మాంత్రికుడు. అతనికి తల్లి పెట్టిన పేరు వినబడదు. దూరదేశము, విద్య, ఈ రెండే అతని పేరు. ఇల్లు తెలియని మనిషికి వెరచుట లోకసహజము కదా. అతని శిష్యుడు సదాజపుడు. 1957 నాటి మాయాబజారులోని ఘటోత్కచుని పేరు మహాభారతమునుండి వచ్చినది. కుండవలె వెండ్రుకలు లేని తల గలవాడని దాని యర్థము.

ఈ విద్య మన దేశమునకే పరిమితము కాదు. ఆంగ్లమున హాబిట్ అను కథను 1937లో ప్రకటించిన టోల్కీన్ ప్రాచీనాంగ్ల భాషాచార్యుడు. అతడు తన మరుగుజ్జుల పేర్లను, గాండాల్ఫ్ అను మాంత్రికుని పేరును ప్రాచీన నార్స్ కావ్యములోని పట్టికనుండి గ్రహించెను. అతని ఫ్రోడో పేరు వివేకి యను అర్థము గల పాత ఆంగ్లపదమునుండి వచ్చినది. 1997లో ఆరంభమైన హ్యారీ పాటర్ కథలలో సిరియస్ అనునతడు నల్లకుక్క రూపము దాల్చును. సిరియస్ ఆకాశమున శునక నక్షత్రము పేరు. పేరులోనే రహస్యమును చెప్పివేసియు, పాఠకుడు కనుగొనలేదుకదా యని రచయిత్రి నవ్వినట్లుండును.

మన పిల్లలు ఈ పరదేశపు పేర్ల అర్థములను వెదకి తెలిసికొని, ఒకరికొకరు చెప్పుకొనుచున్నారు. అది మెచ్చదగినదే. కాని అదే పిల్లలకు భావనారుషి, అభయరుచి, బాహుబలి అను పేర్లు కేవలము ధ్వనులుగా మిగులుచున్నవి. ఇందులో పిల్లల తప్పు లేదు. పూర్వము కూనపులివారు పటము విప్పినప్పుడు పేరును ఆలపించి, బొమ్మను చూపి, అది ఎట్లు వచ్చెనో చెప్పిన పిమ్మటనే ముందునకు సాగెడివారు. నేడు వారి కుటుంబములు కొలది; పటము విప్పు సందర్భములు అంతకంటెను కొలది. కథ పుస్తకమున నిలువవచ్చును, తెరపై నిలువవచ్చును. పేరును విడదీసి చెప్పు నోరు లేనిచో, కవి అందు దాచినది ఎవరికిని అందదు.

ఈ పనికి పాండిత్యము అక్కరలేదు. ఇంట కథ చెప్పు అవ్వగాని, తాతగాని పేరు పలికినప్పుడు ఒక్క నిమిషము ఆగి, ఆ మాటకు అర్థమేమని పిల్లలనే అడుగవలెను. వారు ఊహించి చెప్పనిండు. తప్పు చెప్పినను విననిండు. ఆ పేరు కథలో నిజమగునా, అబద్ధమగునా అని కనిపెట్టి చూడుమని చెప్పవలెను. అట్లు వినుటకు అలవాటుపడిన పిల్లవాడు కథ ముగియువరకు చెవి త్రిప్పడు. సిరిసిల్లలో ఏ ముంగిటనైనను కూనపులి పటము విప్పుట సంభవించినచో, పనులు ఒక పూట ఆపియైనను పిల్లలను వెంటబెట్టుకొని పోయి వినిపింపుడు.