ఫైబర్ పడవ పైతట్టు: స్వహస్తములతో మరమ్మతు

నౌపడ ఉప్పుమళ్లను దాటి భావనపాడు రేవునకు పోయినవారికి, ఇసుకపైకి లాగియుంచిన ఫైబర్ పడవలు వరుసగా కానవచ్చును. పూర్వ మీ తీరమున తేలిక మ్రాని దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్పలును, పలకలను కొబ్బరినారతో కుట్టిన పడవలును తిరిగెడివి. వేట ముగిసి గట్టు చేరిన జాలరులు తెప్ప కట్లు విప్పి దుంగలను ఎండబెట్టెడివారు. దుంగ తాను త్రాగిన నీటినెల్ల ఎండకే తిరిగి యిచ్చివేసెడిది. ఫైబర్ పడవ కా వెసులుబాటు లేదు. గాజునారయు పాలియెస్టర్ రెజినును కలిసి గట్టిపడిన యా పొర నీటిని సులభముగా లోనికి రానీయదు, వచ్చిన నీటిని వెలుపలికి పోనీయదు. పాత పడవల పైతట్టు, అనగా డెక్కు, చెడుటకు మూలమిదియే.

ఇట్టి ఫైబర్ పడవలలో కొన్నింటి పైతట్టు, చూపునకు ఒకే పలకవలె నున్నను, రెండు ఫైబర్ పొరల నడుమ ప్లైవుడ్డునో, బాల్సా యను తేలిక కర్రనో, నురుగు పలకనో యిమిడ్చి చేసినది. కొక్కెములను బిగించిన బోల్టుల రంధ్రములగుండ నీరు బొట్టుబొట్టుగా దిగి, ఏండ్ల తరబడి నిలిచి, లోని కర్రను క్రుళ్లజేయుచుండగా, పైపొర మాత్రము చెక్కుచెదరక మెరయుచుండును. కావున ఇచట కంటిని గాక చెవిని నమ్మవలయును. కొత్త కుండను కొనునప్పుడు వ్రేలితో తట్టి చూచినట్లే, చిన్న సుత్తితో జానెడు జానెడు తట్టుచు పోయినచో, గట్టి చోట ఖంగుమనును, చెడిన చోట మొద్దుగా పలుకును.

పగులుపై నొక గాజునార మ్యాటు ముక్క నంటించి రంగు పూయుట మరమ్మతు కాదు, క్రుళ్లును కప్పిపెట్టుట. పైపొరను కోసి, మెత్తబడిన కర్రను పొడి కర్ర తగులువరకు తొలగించి, పగలు ఎండకు విడిచి, రాత్రి మంచు తగులకుండ టార్పాలిన్ కప్పి, తేమ లేశమైనను మిగులకుండ ఆరనీయవలయును. పిమ్మట పొర అంచులను దాని మందమునకు పండ్రెండింతల వెడల్పున వాలుగా అరగదీసి, రెజిను పట్టించిన మెరైన్ ప్లైవుడ్డును అమర్చి, మ్యాటును పొరపై పొరగా పరచి, గాలిబుడగ నిలువకుండ రోలరుతో అదుమవలెను. బోల్టు రంధ్రములను ముందు వెడల్పుచేసి, రెజిను ముద్దతో నింపి, అది గట్టిపడిన తరువాత మరల తొలిచినచో, నీటికి కర్రను తాకు త్రోవయే యుండదు. ఈ యొక్క పనిని ఉపేక్షించుటవలననే చేసిన శ్రమ యంతయు వ్యర్థమగుచున్నది.

నూరు పాళ్ల రెజినునకు, దానిని గట్టిపరచు క్యాటలిస్టు ఒకటి రెండు పాళ్లు చాలును. మన యెండలో అది త్వరగా గడ్డకట్టును గనుక ఉదయమున కొంచెము కొంచెముగా కలుపుకొనుడు. క్యాటలిస్టును, గట్టిపడుటను వేగపరచు కోబాల్టును నేరుగా కలుపరాదు. మంటలు లేచి ప్రేలును. గాజుధూళి ఊపిరితిత్తులకు హాని చేయును గనుక ముసుగు, కండ్లద్దములు తప్పనిసరి.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషేధించిన 61 దినములలో ఎండయు తీరికయు రెండును లభించును. తుపానుల కాలమునకు ముందే పని ముగియవలెను: 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ, ఈ మూడును అక్టోబరులో వచ్చిన తుపానులే. జాలరి సోదరులారా, ఈ వేసవిలోనే సుత్తి చేతబట్టి మీ పడవ పైతట్టును ఒకసారి తట్టి చూడుడు.