కట్టయు కావలియు

నల్లగొండ పట్టణమునకు చేరువను, పానగల్లున ఉదయసముద్రమను చెరువు కలదు. కందూరి చోడుల కాలమునాటి ఆ కట్ట నేటికిని నీటిని నిలుపుచున్నది. నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో పుట్టిపెరిగినవారికి చెరువు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కట్ట నీటిని నిలుపును. తూము కావలసినంత నీటినే పొలములకు విడుచును. ఊరివారందరు కలిసి పెట్టుకొనిన నీరటి రాత్రింబవళ్లు కట్టను కనిపెట్టి యుండెడివాడు. ఎలుక త్రవ్విన చిన్న బొక్కయైనను తెల్లవారుసరికి గండియై ఊరిని ముంచగలదని మన పెద్దలెరుగుదురు.

నేడు మన సొమ్మును అట్టి చెరువుననే నిలిచియున్నది. పొదుపు సంఘపు ఖాతా, సహకార బ్యాంకులో వేసిన ధాన్యపు డబ్బు, మిర్యాలగూడ బియ్యపుమిల్లుల కొనుగోలు లెక్కలు, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి మందుల కర్మాగారములలో పనిచేయువారి జీతములు, ఇవియన్నియు కాగితపు చిట్టాలను వదలి కంప్యూటర్లలోనికి చేరినవి. 2022 జూన్ మాసమున కేంద్రప్రభుత్వము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటర్లతో కలుపుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. కంప్యూటర్లు ఒకదానితో నొకటి కలిసినకొలదియు పని సులువగును. దొంగకు దారియు సులువగును. కావున ఈ చెరువునకు కట్ట యెట్టిదో, కావలి యెవరో ఇల్లు దిద్దుకొను స్త్రీలు సైతము తెలిసికొనదగియున్నది.

ఆ కట్ట పేరు ఫైర్‌వాలు. ఒక యింటికంటుకొనిన మంట ప్రక్కయింటికి ప్రాకకుండ నడుమ కట్టు గోడకు ఇంగ్లీషున గల పేరే దీనికి పెట్టిరి. 1988 నవంబరులో అమెరికాలో ఒక విద్యార్థి విడిచిన ప్రోగ్రాము పురుగువలె ప్రాకి వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసెను. ఇట్టి గోడ యెంత యవసరమో ఆ సంఘటన లోకమునకు చక్కగ బోధించినది.

ఇది పనిచేయు విధ మిట్టిది. కంప్యూటర్ల నడుమ నడచు సమాచారమంతయు చిన్నచిన్న పొట్లములుగ విడిపోయి ప్రయాణము చేయును. ఎచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి పోవలెను, ఏ ద్వారమున ప్రవేశింపవలెను అను సంగతులు ప్రతి పొట్లముపైనను ఉండును. ఒక్క కంప్యూటరునకే అట్టి ద్వారములు 65,000కు పైగా గలవు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంఖ్య. భద్రమైన వెబ్‌పుటలకు వాడుకలోనున్నది 443వ ద్వారము. ఫైర్‌వాలు ప్రతి పొట్లమును యజమాని వ్రాసియిచ్చిన నియమముల పట్టికతో సరిచూచి, తగినదానిని పోనిచ్చును, తగనిదానిని ఆపును. పట్టికలో అనుమతి లేనిదానినెల్ల ఆపుటయే మేలైన పద్ధతి. తూము మూసియుండుట వాడుక కావలెను. తెరచుట విశేషము కావలెను.

బయట ఒక గోడ చాలదు, లోపలను గోడలుండవలెను. గుమాస్తా ఈ-మెయిలు చదువు కంప్యూటరునకును, ఖాతాల లెక్కలుండు కంప్యూటరునకును నడుమ అడ్డు లేనిచో, ఒకదానికి పట్టిన తెగులు రెండవదానికి క్షణములో పట్టును.

అయినను కట్ట యెంత గట్టిదైనను, లోపలివారే తలుపు తీసినచో అదేమి చేయగలదు? ఇందుకు దూరదేశపు నిదర్శనములు వెదకనక్కరలేదు. హైదరాబాదునందలి ఏ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉద్యోగులకు 2021 నవంబరులో మోసపు ఈ-మెయిళ్లు 200కు పైగా వచ్చెను. పోలీసులు తెలిపినదానినిబట్టి, ఇద్దరు ఉద్యోగులు వానిని తెరచిరి. వానిలో దాగియున్న ప్రోగ్రాము లోనికి చేరెను. దొంగలు దాని మూలమున సంకేతపదములను గ్రహించి, 2022 జనవరిలో 12 కోట్ల 48 లక్షల రూపాయలను అపహరించిరి. ఆ సొమ్ము మొదట కొన్ని ఖాతాలలోనికిని, అచ్చటినుండి ఇతర బ్యాంకులలోని నూరుకు మించిన ఖాతాలలోనికిని పాయలుపాయలుగా పారిపోయెను. పోలీసులు అందులో కొంతభాగమును మాత్రమే ఆపగలిగిరి. ఆ బ్యాంకున ఫైర్‌వాలు మొదలగు రక్షణలు తగినట్లు లేకుండెనని నగర పోలీసు కమీషనరు సి. వి. ఆనంద్ 2022 మార్చిలో ప్రకటించిరి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించెను.

ఈ కథలో మనము గమనింపవలసినది కాలము. ఉత్తరము వచ్చినది నవంబరులో, సొమ్ము పోయినది జనవరిలో. నడుమ రెండు మాసములు గడచినవి. బొక్క పడినది మొదలు గండి పడువరకు కట్టపై నడచి చూచి ఆపినవారు లేకపోయిరి.

కావున కట్టతోబాటు నీరటియు నుండవలెను. పెద్ద సంస్థ తన నీరట్లను తానే పెట్టుకొనగలదు. చిన్న బ్యాంకునకు, మిల్లునకు, ఆసుపత్రికి అది భారము. దినమునకు 24 గంటలు, పండుగనాడు సైతము ఒక్క మనిషి మెలకువతో నుండవలెనన్నను, వంతులకును సెలవులకును కలిపి నలుగురైదుగురు నేర్పరులు కావలెను. అందుచేత పలుసంస్థలు కలిసి, ఈ పనియే వృత్తిగాగల వారికి రుసుమిచ్చి కావలి నప్పగించుచున్నవి. దీనినే మేనేజ్డు సెక్యూరిటీ సర్వీసు అందురు. ఊరిలో తలా కొంత ధాన్యము మేరగా కొలిచి నీరటిని పోషించిన రీతియే యిది. అర్ధరాత్రి గుమాస్తా కంప్యూటరు తెలియని దేశమునకు సమాచారము పంపుచున్నను, అధికారి పేరుతో వేళగానివేళ ఎవరైన లోన ప్రవేశించినను వారు కనిపెట్టి హెచ్చరింతురు. ఫైర్‌వాలు నియమములను దిద్దుట, దానిని ఎప్పటికప్పుడు క్రొత్త మెలకువలతో బలపరచుటయు వారి పనియే.

కాని కావలిని అప్పగించినంతమాత్రమున బాధ్యత తీరిపోదు. రాత్రివేళ అపాయము తోచినచో ఎవరిని లేపవలెను? తలుపు మూయించు అధికారమెవరిది? ఈ రెండును ఒప్పందములో స్పష్టముగ నుండవలెను. లేనిచో నీరటి కేకవేయును, వినువాడుండడు. ఇట్టి ప్రమాదమును గుర్తించిన 6 గంటలలో సర్ట్-ఇన్ అను ప్రభుత్వసంస్థకు తెలుపవలెననియు, రాకపోకల నమోదులను 180 దినములు భద్రపరుపవలెననియు 2022 ఏప్రిలులో ఆజ్ఞ వెలువడినది.

ఇక మన కర్తవ్యమేమి? సహకార సంఘమున సభ్యురాలైన ప్రతి స్త్రీయు వార్షిక సభలో మూడు ప్రశ్నలడుగవచ్చును. మన లెక్కల కంప్యూటర్లకు ఫైర్‌వాలున్నదా, దాని లైసెన్సు గడువు తీరలేదుగదా? రాత్రివేళ దానిని చూచువారెవరు? ఉద్యోగులకు మోసపు ఉత్తరములను గుర్తించుట నేర్పించిరా? సమాధానము రాకున్న మరల అడుగుడు. పొదుపు చేసిన చేతులకు అడుగు హక్కు కలదు. ఇంటిలో ఉద్యోగము చేయు కొడుకు గాని కోడలు గాని ఉన్నచో, తెలియనివారి ఈ-మెయిలును త్వరపడి తెరువవలదని చెప్పుడు. మీ ఖాతానుండియే సొమ్ము పోయినట్లు తెలిసినచో సిగ్గుపడి దాచక, ఒక్క నిమిషమైనను ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన అంత సొమ్ము దారిలోనే ఆగు నవకాశము కలదు.

చెరువు తెగినపిదప కట్టను నిందించి ప్రయోజనము లేదు. నీరు నిండుగ నున్ననాడే కట్టమీద ఎవరు నడచుచున్నారో విచారించుకొనుట బుద్ధిమంతుల లక్షణము.