జబ్బు ఒకరిది.. నిస్సత్తువ ఇద్దరిది

భర్తకు స్కిజోఫ్రీనియా అనో, భార్యకు బైపోలార్ డిజార్డర్ అనో డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఇంట్లో అందరి చూపూ రోగి మీదే ఉంటుంది. మాత్ర వేసుకున్నారా, పడుకున్నారా, బయట ఎవరినైనా ఏమైనా అనేశారా అన్నవే ప్రశ్నలు. ఆ మాత్ర చేతికిచ్చే మనిషి ఎలా ఉందని అడిగేవారు అరుదు. పుట్టింటివారు ఒక రాష్ట్రంలో, అత్తింటివారు మరో రాష్ట్రంలో ఉండే మన కుటుంబాల్లో ఈ భారం తరచు ఒక్కరి మీదే పడుతుంది.

మిమ్మల్ని మీరు గమనించుకోండి. పడుకున్నా చెవి అవతలి గదిలోనే ఉంటోందా? తెల్లవారక ముందే మెలకువ వస్తోందా? తలనొప్పి, అజీర్తి, పిల్లల మీద ఊరికే విసుగు, ఫోన్ మోగితే గుండెదడ ఉన్నాయా? ఇవన్నీ అలసట లక్షణాలే. పైకి చెప్పుకోలేనిది మరొకటుంది. నిన్నటిదాకా జాలి కలిగిన మనిషిని చూస్తే ఇవాళ ఏమీ అనిపించదు. 'ఈయన లేకపోతే హాయిగా ఉండేదేమో' అని క్షణం సేపు తోచి, వెంటనే పాపం చేసినట్టు కుమిలిపోతారు. ఇలా అనిపించినంత మాత్రాన మీరు చెడ్డవారైపోరు. ఓపిక పూర్తిగా అయిపోయిందని దాని అర్థం.

ఆరోగ్యానికి ఆరు అవసరాలు అని యునాని వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, ఆహార పానీయాలు, శరీరానికి శ్రమ విశ్రాంతి, మనసుకు శ్రమ విశ్రాంతి, నిద్ర మెలకువ, ఒంట్లో ఉండాల్సినవి నిలవడం పోవాల్సినవి పోవడం. మనసు శ్రమను శరీర శ్రమ పక్కనే లెక్కవేశారు చూడండి. కాపలా వల్ల మొదట చెడేది నిద్ర. దానితో మెదడులో పొడితనం, సౌదా అనే దోషం పెరిగి దిగులు, అనుమానం వస్తాయని హకీములు చెబుతారు. కనుక ముందు నిద్రను దారికి తెచ్చుకోవాలి.

'కాస్త సాయం చేయండి' అంటే ఎవరూ కదలరు. 'బావగారూ, మంగళ, శుక్రవారాలు రాత్రి మీరిక్కడ పడుకోండి' అని రోజు చెప్పి అడగండి. ఆ రెండు రాత్రులు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. పడుకునే ముందు గోరువెచ్చని రోగన్ బాదం గానీ, రోగన్ కద్దు గానీ మాడుకు మర్దన చేసుకోవచ్చు. నానబెట్టి పొట్టు తీసిన ఐదారు బాదం పప్పులు, చెంచాడు గసగసాలు, కాసిని గుమ్మడి గింజల పప్పు మెత్తగా నూరి పాలలో కాచుకుంటే హరీరా అవుతుంది. గుండెదడకు ముందు డాక్టర్‌కు చూపించుకోండి. దానికి వేరే జబ్బేదీ కారణం కాదని తేలితే హకీం సలహాతో ఖమీరా గావ్‌జబాన్ వాడవచ్చు. అది తీపి మందు, మధుమేహం ఉన్నవారికి పనికిరాదు.

ఒక హెచ్చరిక. నిద్రకు మంచిదని అస్రోల్, అంటే సర్పగంధ, సొంతంగా కొనకండి. హకీం అజ్మల్ ఖాన్ కాలం నుంచీ దీనికి పెద్ద పేరుంది. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరు నుంచి తీసిన ఒక పదార్థానికి ఆయన పేరిటే అజ్మలిన్ అని పేరు పెట్టారు. అయినా ఇది రక్తపోటును దించుతుంది, దిగులును పెంచగలదు. రోగికి అసలే ఇవ్వకూడదు. మానసిక వైద్యుడు రాసిన మాత్రలు మాన్పించి యునాని మందులు మొదలు పెట్టడమూ ప్రమాదమే. లిథియం వాడేవారికి విరేచనాల మందు ఇచ్చినా, ఉప్పు ఒక్కసారిగా తగ్గించినా రక్తంలో ఆ మందు విషస్థాయికి చేరవచ్చు.

రోగి చేయి ఎత్తితే ఓర్చుకుంటూ నిలబడకండి. పిల్లలను తీసుకుని బయటకు వచ్చి, పెద్దవారిని పిలవండి. మీకే రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోయినా మానసిక వైద్యుణ్ణి కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే కలవండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌కు, చెన్నైలో 1984 నుంచి స్కిజోఫ్రీనియా కుటుంబాలతో పనిచేస్తున్న స్కార్ఫ్‌కు దగ్గరలో ఉన్నవారు నేరుగా వెళ్లవచ్చు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు రోగి సంగతి అయ్యాక, మీరు రాత్రికి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో కూడా చెప్పండి.