రోగి భాషలో మనోవైద్యం: ఆచార్య ఎన్. ఎన్. విగ్ కృషి

ఢిల్లీ మహానగరానికి నైరుతి దిశలో వెలసిన ద్వారక ఉపనగరం మన దేశానికి ఒక సూక్ష్మరూపమని చెప్పవచ్చు. అక్కడి బహుళ అంతస్తుల గృహ సముదాయాలలో పంజాబీలు, బెంగాలీలు, మలయాళీలు, తెలుగువారు ఇరుగుపొరుగుగా నివసిస్తున్నారు. కార్యాలయాలలో, బజారులో అందరూ హిందీలో మాట్లాడుకోగలరు. కాని ఇంట్లో ఒకరికి నిద్ర కరవై, అకారణ భయం ఆవరించి, మనస్సు కుంగిపోయినప్పుడు ఆ వేదనను వెలిబుచ్చడానికి మాతృభాష తప్ప వేరొకటి చాలదు. జ్వరాన్ని ఉష్ణమాపకం కొలుస్తుంది. మనోవ్యథను కొలిచే సాధనం ప్రధానంగా రోగి చెప్పే మాటే. ఈ సత్యాన్ని గుర్తించి, పరిశోధనను, రోగి సేవను ఒకే కార్యంగా భావించిన ఆచార్యులలో అగ్రగణ్యులు డాక్టర్ నరేంద్రనాథ్ విగ్.

విగ్ 1930లో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న గుజ్రన్‌వాలాలో జన్మించారు. లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య కళాశాలలో వైద్యవిద్య అభ్యసించి, బెంగుళూరులోను, విదేశాలలోను మనోవైద్యంలో శిక్షణ పొందారు. 1963లో చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థలో మనోవైద్య శాఖను నెలకొల్పారు.

ఆనాటి పరిస్థితిని గుర్తుచేసుకోవడం అవసరం. మానసిక వైద్యమంటే నగరానికి దూరంగా, ఎత్తయిన గోడల నడుమ ఉండే ఆసుపత్రి అనే భావమే ప్రజలలో ఉండేది. మన తెలుగునాట ఎర్రగడ్డ, చినవాల్తేరు అనే ఊరిపేర్లు పరిహాసానికి మారుపేర్లయిన వైనం పాఠకులకు తెలియనిది కాదు. సాధారణ ఆసుపత్రిలోనే, గుండె జబ్బుకు, కంటి జబ్బుకు చికిత్స జరిగే ఆవరణలోనే మానసిక వ్యాధులకూ చికిత్స లభిస్తే, రోగి సంకోచం లేకుండా వస్తాడు. బంధువులు వెంట ఉంటారు. చండీగఢ్ శాఖ ఈ సూత్రం మీదనే వృద్ధి చెందింది. 1950వ దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేసి ఇందుకు మార్గం చూపి ఉన్నారు.

రోగి మాటే పరిశోధనకు మూలం

శరీరంలోని ధాతువు క్షీణించిపోతున్నదనే భయంతో, నీరసంతో, దిగులుతో వైద్యుల వద్దకు వచ్చే యువకులు ఉత్తర భారతదేశంలో అనేకులు. పాశ్చాత్య గ్రంథాలలో ఈ బాధకు పేరు లేదు. రోగిది అజ్ఞానమని కొట్టివేయడం సులభం. విగ్ అట్లా చేయలేదు. ఆయుర్వేదం చెప్పిన సప్తధాతువుల భావన ఆ భయానికి వెనుక ఉన్నదని గ్రహించి, రోగి వాడిన మాటనే స్వీకరించి, 1960లో దానికి ‘ధాత్ సిండ్రోమ్’ అని నామకరణం చేశారు. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ గ్రంథంలో ఆ పేరు చోటుచేసుకున్నది.

ఇంగ్లీషు పరీక్షలు మన రోగులకు సరిపడవని భావించి, జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షలను దేశీయ అవసరాలకు అనుగుణంగా సహచరులతో కలిసి రూపొందించారు. స్కిజోఫ్రెనియా రోగుల కుటుంబాల గురించి 1987లో వెలువడిన చండీగఢ్ అధ్యయనాలలోను ఆయన పాలుపంచుకున్నారు. లండన్ కుటుంబాలతో పోల్చినప్పుడు చండీగఢ్ బంధువులలో రోగి పట్ల నిందావాక్యాలు తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. ఓర్పు కూడా ఔషధమేనన్న మన పెద్దల నమ్మకానికి ఇది శాస్త్రీయమైన ఊతం.

ఆసుపత్రి నుంచి పల్లెకు

నగరంలోని ఆసుపత్రి ఎంత మంచిదైనా, అక్కడికి రాలేని పల్లెవాసి సంగతేమిటి? 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు దేశాలలో చేపట్టిన అధ్యయనంలో భాగంగా, విగ్ తమ సహచరులతో హర్యానాలోని రాయపూర్ రాణీ ప్రాంతాన్ని ఎన్నుకున్నారు. గ్రామంలో ఎవరెవరు బాధపడుతున్నారో స్థానికుల ద్వారానే తెలుసుకున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు తీవ్రమైన మానసిక వ్యాధులను, మూర్ఛను గుర్తించడం, కొద్దిపాటి మందులను సక్రమంగా వాడించడం, మందు మానిన వారిని ఇంటికి వెళ్లి పలకరించడం నేర్పారు. నిపుణుడు లేనిచోట కూడా చికిత్స సాధ్యమేనని ఈ ప్రయోగం నిరూపించింది. ఆ కాలంలోనే బెంగుళూరు సమీపాన సకల్వారాలోను ఇటువంటి కృషి సాగింది.

1980లో విగ్ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మనోవైద్య శాఖాధిపతి అయ్యారు. 1982లో దేశం స్వీకరించిన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. 1984 నుంచి కొన్నేళ్లు అలెగ్జాండ్రియాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో సలహాదారుగా పనిచేశారు.

మిగిలిన బాధ్యత

కార్యక్రమం కాగితం మీదికి వచ్చినంత త్వరగా పల్లెలకు చేరలేదు. నిధులు చాలలేదు; శిక్షణ పొందిన వారు కొరవడ్డారు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైనప్పుడు, తొలి విడతలో ఎన్నికైన జిల్లాలలో మన మెదక్ కూడా ఉన్నది. రాయపూర్ రాణీలో నాటిన విత్తనం ఈ విధంగా తెలుగునేల మీద కూడా మొలకెత్తింది. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతుండగా, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు.

మానసిక ఆరోగ్య సేవలు పొందడాన్ని పౌరుని హక్కుగా గుర్తించిన 2017 నాటి చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం జూలైలో విగ్ కన్నుమూశారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. నేడు ద్వారకలోని తెలుగు కుటుంబంలో ఒకరి మనస్సు కలతపడితే, 14416 సంఖ్యకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే తమ బాధ చెప్పుకొనే సదుపాయం ఉన్నది.

అయితే ఫోన్ చేయడానికి ముందు ఆ వ్యక్తి తన బాధను ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకోగలగాలి. అతనిని పరిహసించకుండా వినేవారు ఉండాలి. రోగి మాటను ఓపికగా వినడమే విగ్ జీవితకాల కృషికి తొలిమెట్టు. ఆ పనికి వైద్య పట్టా అక్కరలేదు. తోటి విద్యార్థి కొన్నాళ్లుగా మౌనంగా ఉన్నప్పుడు అతని పక్కన కూర్చుని కుశలమడగడం, అవసరమైతే వైద్యుని వద్దకు తోడువెళ్లడం మనలో ప్రతి ఒక్కరూ చేయదగిన సేవ.