క్రాసోవర్ పాయింటు తేల్చేది టేపే

నా బాక్సులో వూఫర్ నడిమి నుంచి ట్వీటర్ నడిమికి టేపు పెట్టి కొలిస్తే 17 సెంటీమీటర్లు. వూఫర్ ఎనిమిది అంగుళాలది. మొదట్లో ఈ రెంటినీ 3500 హెర్ట్జ్ దగ్గర విడగొట్టాను. కుర్చీలో కూర్చుని వింటే పాట బాగానే ఉండేది. టీ తెచ్చుకుందామని లేచి నిలబడగానే గాయని గొంతు మసకబారేది, హల్లుల పదును పోయేది. మళ్లీ కూర్చుంటే గొంతు మళ్లీ తేటపడేది. కారణం ఆంప్లిఫైయర్‌లో ఉందేమోనని చాలా రోజులు వెతికాను. కారణం కాగితం మీద నాలుగు లెక్కల దూరంలో ఉంది.

ఏసీ వేసిన గదిలో, 24 డిగ్రీల దగ్గర, ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు వెళ్తుంది. దాన్ని 3500తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 9.9 సెంటీమీటర్లు. ఇలా విడగొట్టే చోటే క్రాసోవర్ పాయింటు. అక్కడ వూఫర్, ట్వీటర్ రెండూ ఒకే స్వరాన్ని సమానంగా పలుకుతాయి. చెవికి వాటి దూరాల్లో సగం తరంగం, అంటే దాదాపు 4.9 సెంటీమీటర్లు తేడా వస్తే ఒకటి ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. ఆ స్వరం మాయమవుతుంది. రెండు స్పీకర్ల మధ్య 17 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఆ తేడా వచ్చే కోణం 17 డిగ్రీలు. కూర్చుంటే నా చెవి నేలకు 95 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, నిలబడితే 155. రెండు మీటర్ల దూరంలో ఆ 60 సెంటీమీటర్ల తేడా కూడా దాదాపు 17 డిగ్రీలే. నేను లేచి నేరుగా ఆ స్వరం మాయమయ్యే గుంటలోకి తల పెడుతున్నాను.

క్రాసోవర్‌ను 2000 హెర్ట్జ్‌కు దించితే తరంగం 17.25 సెంటీమీటర్లకు సాగుతుంది, గుంట 30 డిగ్రీలకు జరుగుతుంది. రెండు మీటర్ల దూరంలో అది చెవికి దాదాపు 118 సెంటీమీటర్ల పైన పడుతుంది. స్టూలెక్కి పాట వినేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

ఈ కథ ముందే చెప్పడానికి కారణం ఉంది. డిజిటల్ క్రాసోవర్ కొనాలనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ పెట్టె కొనాలి అని. నేను మొదట స్పీకర్ల కొలతలు అడుగుతాను. ఆ పెట్టెలోని డీఎస్పీ, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్, స్వరాల ఎత్తుపల్లాలు సరిచేస్తుంది, సమయం సరిచేస్తుంది. రెండు కోన్‌ల మధ్య దూరాన్ని, కోన్ వెడల్పును, అది కదలగల మిల్లీమీటర్లను మాత్రం మార్చలేదు. నిలబడ్డప్పుడు పడే గుంటను ఈక్వలైజర్‌తో పూడ్చబోతే కూర్చున్న వాడి చెవికి అదే స్వరం గుచ్చుకుంటుంది.

ఇంతకీ డిజిటల్ క్రాసోవర్ వాడితే ఒక్కో స్పీకర్‌కు ఒక్కో ఆంప్ ఎందుకు? మామూలు బాక్సులో ఆంప్ ఒకటే. దాని తర్వాత బాక్సు లోపల కాయిళ్లు, కెపాసిటర్లు కూర్చుని బరువైన కరెంటును బేస్‌గా, ట్రెబుల్‌గా పంచుతాయి. మనం మాట్లాడుకునే పద్ధతిలో పంపకం ముందే, అంకెల రూపంలో ఉన్నప్పుడే అయిపోతుంది. ఆ తర్వాత వూఫర్‌కు ఒక ఆంప్, ట్వీటర్‌కు ఒక ఆంప్. పెళ్లిళ్లకు, జాతరలకు సౌండ్ పెట్టేవాళ్లకు ఇదేం కొత్త కాదు. బేస్ బాక్సులకు ఒక ఆంప్, టాప్‌లకు ఇంకో ఆంప్ వాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్నారు.

లాభం ఎంతో ఒక లెక్కలో చూడొచ్చు. బేస్ సిగ్నల్ శిఖరం 20 వోల్టులు, ట్రెబుల్ సిగ్నల్ శిఖరం 20 వోల్టులు అనుకుందాం. రెండూ ఒకే ఆంప్‌లోంచి వెళ్తే శిఖరాలు కలిసి 40 వోల్టులు అవుతాయి. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు అది తెగకుండా ఇవ్వాలంటే 100 వాట్ల ఆంప్ కావాలి. విడివిడిగా పంపితే ఒక్కో దానికి 20 వోల్టులు, అంటే 25 వాట్లు. రెండు 25 వాట్ల ఆంప్‌లు ఒక 100 వాట్ల ఆంప్ చేసే పని చేస్తాయి. అన్ని పాటల్లో రెండు వైపులా శిఖరాలు సమానంగా ఉండవు కాబట్టి లాభం ప్రతిసారీ ఇంత ఉండదు. కానీ మృదంగం దెబ్బకు వూఫర్ ఆంప్ పరిమితి దాటినా ఆ గరగర ట్వీటర్ దాకా వెళ్లదు. చెవికి తెలిసే తేడా ఇక్కడుంది.

ఇంకో లాభం. ట్వీటర్లు సాధారణంగా వూఫర్ల కంటే గట్టిగా పలుకుతాయి. ఒకే పవర్‌కు ట్వీటర్ 92 డెసిబెల్, వూఫర్ 87 ఇస్తే ట్వీటర్‌ను 5 డెసిబెల్ తగ్గించాలి. బాక్సు లోపలి రెసిస్టర్లతో ఆ పని చేస్తే ట్వీటర్ కోసం వచ్చిన పవర్‌లో 68 శాతం వేడిగా పోతుంది. డీఎస్పీలో అది ఒక అంకె మార్చడమే.

ఇప్పుడు స్పీకర్ల ఎంపిక. నేను మొదట చూసేది కోన్ వెడల్పు. తరంగదైర్ఘ్యం కోన్ వెడల్పుకు సమానమయ్యే చోటికి వచ్చేసరికి శబ్దం టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది, పక్కలకు పాకదు. పన్నెండు అంగుళాల వూఫర్‌లో నిజంగా కదిలే భాగం సుమారు 26 సెంటీమీటర్లు, కాబట్టి దాని హద్దు 1330 హెర్ట్జ్. ఎనిమిది అంగుళాల దానిలో 16.7 సెంటీమీటర్లు, హద్దు 2070. ఆరున్నర అంగుళాల దానిలో 13 సెంటీమీటర్లు, హద్దు 2650. ఈ హద్దు దాటాక కోన్‌ను వాడితే సోఫా మధ్యలో కూర్చున్న వాడికి ఒక పాట, చివర్లో కూర్చున్న వాడికి ఇంకో పాట వినిపిస్తాయి. నా 3500 నిర్ణయం ఈ లెక్కలోనూ తప్పే.

రెండోది కోన్ కదలిక. అమ్మేవాళ్లు ఎప్పుడూ వాట్లు చెబుతారు. బేస్‌ను తేల్చేది వాట్లు కావు, కోన్ తోసే గాలి. ఎనిమిది అంగుళాల కోన్ విస్తీర్ణం 220 చదరపు సెంటీమీటర్లు, అది ఒక వైపుకు 5 మిల్లీమీటర్లు కదలగలదు అనుకుందాం. మూసిన బాక్సులో, గోడకు ఆనించి పెట్టినట్టు లెక్కవేస్తే, 40 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో అది ఇవ్వగల గరిష్ఠ శబ్దం 93 డెసిబెల్. అదే కదలికతో 80 హెర్ట్జ్ దగ్గర 105 ఇస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర 81కి పడిపోతుంది. స్వరం సగానికి దిగిన ప్రతిసారీ అదే శబ్దానికి కోన్ నాలుగు రెట్లు కదలాలి. ఆంప్ 50 వాట్లయినా 500 వాట్లయినా ఈ గీత మారదు. 530 చదరపు సెంటీమీటర్ల విస్తీర్ణంతో 10 మిల్లీమీటర్లు కదిలే పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్ అదే 40 హెర్ట్జ్ దగ్గర 107 ఇస్తుంది. అందుకే నేను 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌కు అప్పగించాను. చిన్న వూఫర్ మీద బరువు దిగగానే గొంతులు కూడా తేటపడ్డాయి, అదే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది.

ఇక్కడే ఈక్వలైజర్ గురించి ఒక మాట. బేస్ చాలడం లేదని 40 హెర్ట్జ్‌ను 6 డెసిబెల్ లేపితే ఆంప్ నుంచి నాలుగు రెట్ల పవర్, కోన్ నుంచి రెట్టింపు కదలిక అడిగినట్టే. 5 మిల్లీమీటర్ల కోన్ 10 మిల్లీమీటర్లు ఎక్కడ నుంచి తెస్తుంది? పైకి లేచిన చోట కోయడానికి డీఎస్పీ బంగారం లాంటి పరికరం. నా గది పొడవు 14 అడుగులు. ఆ లెక్కన 40 హెర్ట్జ్ దగ్గర గదే శబ్దాన్ని ఉబ్బిస్తుంది. అక్కడ కోయడమే చేశాను, లేపలేదు.

మూడోది ట్వీటర్ సహజ కంపనం, అంటే అది తనంతట తాను ఊగే స్వరం. క్రాసోవర్ దానికి కనీసం రెట్టింపు పైన ఉండాలి. ట్వీటర్ కాగితంలో 700 హెర్ట్జ్ అని ఉంటే 2000 దగ్గర నిశ్చింతగా వాడొచ్చు. 1200 అని ఉంటే 2000కు దించకూడదు, ఇంకో ట్వీటర్ చూడాలి.

వాట్ల గురించి భయం అక్కర్లేదు. 87 డెసిబెల్ స్పీకర్లు రెండు పెట్టుకుని మూడు మీటర్ల దూరంలో 95 డెసిబెల్ శిఖరం వినాలంటే ఒక్కో దానికి 30 వాట్లు చాలు. ఇంట్లో అంతకంటే గట్టిగా ఎంతసేపు వింటాం?

క్రాసోవర్ కోత ఎంత ఏటవాలుగా ఉండాలన్న ప్రశ్నకు మంచి జవాబు 1976లో దొరికింది. హ్యూలెట్-ప్యాకార్డ్‌లో పనిచేసిన ఇంజినీర్లు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ పేర్ల మీదే ఆ ఫిల్టర్‌ను లింక్‌విట్జ్-రైలీ అంటున్నాం. లింక్‌విట్జ్ పరిశోధనా పత్రం ఆ ఏడాది ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ ఫిల్టర్‌లో క్రాసోవర్ పాయింటు దగ్గర రెండు స్పీకర్లూ చెరో 6 డెసిబెల్ తగ్గుతాయి, ఒకే తాళంలో కలుస్తాయి, మొత్తం మళ్లీ చదునుగా వస్తుంది. ఆక్టేవ్‌కు 24 డెసిబెల్ కోసే రకాన్ని 2000 దగ్గర పెడితే 1000 హెర్ట్జ్ వద్ద ట్వీటర్‌కు చేరే పవర్ సుమారు 290లో ఒక వంతు. 12 డెసిబెల్ రకంలో 25లో ఒక వంతు చేరుతుంది. ఇంట్లో వాడే రెండు, మూడు దారుల (టూ-వే, త్రీ-వే) సిస్టమ్‌కు 24 దగ్గర మొదలుపెట్టమనే నా సలహా.

ఇక పెట్టె. ముందు అవుట్‌పుట్‌లు లెక్కపెట్టండి. స్టీరియోలో రెండు దారులంటే నాలుగు. సబ్ కలిస్తే అయిదు. మూడు దారులంటే ఆరు, దానికి సబ్ కలిస్తే ఏడు. మినీడీఎస్పీ 2x4 హెచ్‌డీకి, చౌకలో దొరికే ఏడీఏయూ1701 చిప్ బోర్డులకు నాలుగే. ఏడాదిలో సబ్ కొనాలనిపిస్తే అవి చాలవు. బెహ్రింగర్ డీసీఎక్స్2496లో ఆరు ఉంటాయి. లినక్స్ అలవాటున్న వాళ్లు రాస్ప్‌బెర్రీ పై మీద కెమిల్లాడీఎస్పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి, ఎనిమిది అవుట్‌పుట్‌ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ను తగిలించుకోవచ్చు.

తర్వాత వోల్టులు, బుసబుస. ఎనిమిది ఓమ్‌లకు 100 వాట్లంటే 28.3 వోల్టులు, ఆంప్ 20 రెట్లు పెంచేదైతే దానికి 1.4 వోల్టుల ఇన్‌పుట్ చాలు. 2 వోల్టులిచ్చే డీఎస్పీ దీనికి సరిగ్గా సరిపోతుంది. స్టేజీ మీద వాడే పెట్టెలు 10 వోల్టుల దాకా ఇస్తాయి. వాటిని ఇంటి ఆంప్‌కు నేరుగా కలిపితే ఆ పెట్టె సామర్థ్యంలో 17 డెసిబెల్ వాడకుండానే పోతుంది, బుస మాత్రం పూర్తిగా వస్తుంది. 2 వోల్టుల మీద 110 డెసిబెల్ నిశ్శబ్దం (అంటే బుస సిగ్నల్ కంటే అంత కింద) ఉన్న డీఎస్పీ నుంచి 20 రెట్ల ఆంప్ ద్వారా ట్వీటర్‌కు చేరే బుస 126 మైక్రోవోల్టులు. 90 డెసిబెల్ డోమ్ ట్వీటర్‌లో అది మీటరు దూరంలో 3 డెసిబెల్, ఎవరికీ వినపడదు. 110 డెసిబెల్ హారన్‌లో 23. డీఎస్పీ నిశ్శబ్దం 90 మాత్రమే అయితే హారన్‌లో 43. పాట ఆగినప్పుడల్లా వాన పడుతున్నట్టుంటుంది. హారన్ ప్రేమికులు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

ఎఫ్ఐఆర్ అనే రకం డిజిటల్ ఫిల్టర్ల మీద మోజు పెరిగింది. 48 కిలోహెర్ట్జ్ వద్ద 4096 ట్యాపుల లీనియర్ ఫేజ్ ఫిల్టర్ పెడితే పాట 42.7 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. పాటలు వినడానికి ఇబ్బంది లేదు, ఇంట్లో మైకు పట్టుకుని పాడేవాళ్లకు పనికిరాదు. మామూలు ఐఐఆర్ ఫిల్టర్లతో మొదలుపెట్టి, కొలవడం బాగా అలవాటయ్యాక అటు వెళ్లడం మేలని నా అనుభవం.

మొదటిసారి ఆన్ చేసే ముందు ఒక జాగ్రత్త. ఒక రాత్రి ఆంప్‌లు ఆన్‌లోనే ఉండగా డీఎస్పీ స్విచ్ తీసేశాను. ఠప్‌మని ఒక్క దెబ్బ. మర్నాడు ఎడమ ట్వీటర్ పలకలేదు. మల్టీమీటర్‌తో కుడి ట్వీటర్‌ను కొలిస్తే 5.6 ఓమ్‌లు చూపించింది. ఎడమ దాని మీద అంకే రాలేదు, కాయిల్ తెగిపోయింది. ముందు డీఎస్పీ వేయాలి, చివర ఆంప్‌లు; ఆపేటప్పుడు ముందు ఆంప్‌లు. ఇంట్లో అందరూ ఈ వరస గుర్తుంచుకోలేరు కాబట్టి ఇప్పుడు ప్రతి ట్వీటర్ ముందూ 47 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఒకటి పెట్టాను. ఎనిమిది ఓమ్‌లకు అది 423 హెర్ట్జ్ కింద అడ్డుకుంటుంది, 2000 దగ్గర 0.2 డెసిబెల్ మాత్రమే తింటుంది. ఇన్ని ఆంప్‌లు కలిపితే 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం రావచ్చు. అన్నిటినీ ఒకే బోర్డులో గుచ్చండి, ఎర్త్ పిన్ మాత్రం ఎన్నడూ తీసేయకండి.

చివరి పని సమయం కలపడం. ట్వీటర్ కాయిల్ కంటే వూఫర్ కాయిల్ లోపలికి ఉంటుంది. నా బాక్సులో ఆ తేడా 2.9 సెంటీమీటర్లు. 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక శాంపిల్ అంటే 7.2 మిల్లీమీటర్లు, కాబట్టి ట్వీటర్‌ను నాలుగు శాంపిళ్లు ఆపాలి. ఎండాకాలం గది 40 డిగ్రీలకు వేడెక్కితే ధ్వని 355 మీటర్లకు చేరుతుంది కదా, మళ్లీ మార్చాలా అని అడుగుతారు. ఈ దూరానికి తేడా శాంపిల్‌లో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, వదిలేయండి.

సరిచూసుకోవడానికి తిరగేసిన పరీక్ష ఉంది. కూర్చునే చెవి ఎత్తులో కొలత మైకు పెట్టి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ తెరిచి, డీఎస్పీలో ట్వీటర్ పోలారిటీ తిప్పేయాలి. ఇప్పుడు రెండు స్పీకర్లూ 2000 దగ్గర ఒకదాన్నొకటి చెరిపేసుకోవాలి. ఒక్క శాంపిల్ తప్పినా తెర మీద గుంట 18 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. ఆ తప్పుతో సరైన పోలారిటీలో వింటే నష్టం 0.1 డెసిబెల్ కూడా ఉండదు. వింటే దొరకని తప్పును ఈ గుంట చూపిస్తుంది. మూడు శాంపిళ్ల దగ్గర నాకు గీత వంకరగా, నిస్సారంగా దిగింది. నాలుగుకు మార్చి మళ్లీ కొలిస్తే 2000 మీద కత్తితో కోసినట్టు 30 డెసిబెల్ దాకా పడింది. పోలారిటీ మళ్లీ తిప్పాను, గుంట పూడిపోయింది. అదే గాయని పాట పెట్టి, లేచి నిలబడి విన్నాను.