కొడవలి పట్టిన పిల్ల పాట

వర్డ్స్‌వర్త్ రాసిన 'ది సాలిటరీ రీపర్' మీలో చాలామంది హైస్కూల్లో కంఠస్థం చేసే ఉంటారు. స్కాట్లండు కొండల్లో ఓ పడుచుపిల్ల ఒంటరిగా చేను కోస్తూ, కట్టలు కడుతూ పాడుకుంటుంది. దారిన పోయే కవి ఆగి వింటాడు. కథ అంతే. నోట్సు పుస్తకాలవాళ్లు దీన్ని 'విషాద గీతం' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు.

ఎందుకంటారా? ఆ పిల్ల పాడే భాషే కవికి రాదు. అది అక్కడి కొండవాళ్ల గేలిక్ భాష. మన నడిగడ్డ సంగతే తీసుకోండి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల వైపు తెలుగుతోబాటు కన్నడమూ వినబడుతుంది. జొన్నచేలో ఒకావిడ కన్నడంలో రాగం తీస్తూంటే, ఆ భాష రానివాళ్లకు అందేది గొంతు ఒక్కటే. అది ఏడుపో, ఎకసెక్కమో, అత్తగారి మీది కసో ఎలా తెలుస్తుంది? కవి కూడా తేల్చి చెప్పడు. ఎప్పటివో యుద్ధాల దుఃఖమా, రోజూ ఇళ్లల్లో ఉండే బాధేనా అని తనను తానే అడుగుతాడు.

ఇక పోలికలు చూడండి. అరబ్బు ఎడారిలో నడిచి అలసిన బాటసారులకు నీడపట్టున వినిపించే నైటింగేల్ పాట ఒకటి. ఈ పిట్ట మన వైపు కనబడదు. పోనీ కోయిల అందామా అంటే రెండో పోలిక చెడుతుంది, ఎందుకంటే అక్కడ వచ్చే కక్కూ కోయిల జాతిదే! హెబ్రిడీస్ దీవుల్లో, వసంతంలో, సముద్రపు నిశ్శబ్దాన్ని చీల్చే కూత అది. ఒకచోట మండే ఇసుక, ఒకచోట చల్లని సముద్రం. వనపర్తిలో మిట్టమధ్యాహ్నం బస్సు దిగి వేపచెట్టు కిందికి చేరినవాళ్లకు మొదటిది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రెండింటిలోనూ ఉన్నది ఊరటే గదా, ఏడుపెక్కడుంది? దిగులూ హాయీ కలగలిసిన మనసది.

ఇంకో మాట. కవి 1803లో స్కాట్లండు తిరిగినా, ఈ పద్యం పుట్టింది మిత్రుడు థామస్ విల్కిన్‌సన్ యాత్రారచన రాతప్రతిలోని ఒక వాక్యం నుంచి. 1805లో రాశాడు, 1807లో అచ్చయింది.

ఆ పిల్ల తలెత్తి చూసినట్టు పద్యంలో ఎక్కడా లేదు. కొడవలి మీదికి వంగి, పాటకు ముగింపే లేనట్టు పాడుతూనే ఉంటుంది. మీ పిల్లలకు ఈ పాఠం వచ్చినప్పుడు, "ఆమె ఏం పాడుతోందనుకుంటున్నావురా?" అని అడిగి చూడండి. నాగర్‌కర్నూలు వైపు నాట్లలో ఆడవాళ్ల పాటలు విన్న పిల్లలైతే నోట్సులో లేని జవాబు చెబుతారు.